ఎనిమిదిన్నర స్టాప్‌లు అంటే ఎంత?

కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ప్రకటన ఏది తిరగేసినా ఒక అంకె పెద్దక్షరాల్లో కనిపిస్తోంది. కానన్ 2024 జులైలో ఈఓఎస్ ఆర్5 మార్క్ 2 తెచ్చినప్పుడు ‘8.5 స్టాప్‌ల స్టెబిలైజేషన్’ అంది, అంటే చేతి వణుకును సర్దే ఏర్పాటు. 2025 నవంబరులో వచ్చిన ఆర్6 మార్క్ 3కీ అదే అంకె. ఓఎం సిస్టమ్ వాళ్ల ఓఎం-1 మార్క్ 2 ఆ గీతను 2024 జనవరిలోనే తాకింది. 2025 డిసెంబరులో సోనీ ఏ7 మార్క్ 5 ప్రకటిస్తూ 7.5 అంటే, అదేమిటి తగ్గిందేమని పెదవి విరిచినవాళ్లున్నారు. ఇక పుకార్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇంకా పుట్టని కెమెరాకు కూడా ముందే ఓ అర స్టాప్ కలిపేస్తుంటారు. ఆ అంకె దేన్ని కొలుస్తుంది, దేన్ని కొలవదు, దాని కోసం అదనంగా యాభై వేలో లక్షో పెట్టొచ్చా? సికింద్రాబాద్‌లోని ఒక గడియారస్తంభం, ఒక పెళ్లి మండపం, ఒక బోనాల రాత్రి ముందు పెట్టుకుని లెక్క చూద్దాం.

ముందుగా మిర్రర్‌లెస్ అంటే ఏమిటో ఒక ముక్క. పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉండేది. లోపలికొచ్చిన వెలుగును అది పైకి మళ్లించి మన కంటికి చూపించేది. బటన్ నొక్కగానే టప్పున లేచి దారిచ్చేది. ఆ అద్దాన్ని తీసేసి, సెన్సర్ చూస్తున్న దృశ్యాన్నే చిన్న తెర మీద చూపించేది మిర్రర్‌లెస్. సెన్సర్ అంటే ఒకప్పటి ఫిల్మ్ రీలు స్థానంలో కూర్చున్న ఎలక్ట్రానిక్ పలక. 2008లో పానసోనిక్ లూమిక్స్ జీ1తో ఈ తరం మొదలైంది. 2024లో కెమెరా కంపెనీలు మార్కెట్‌కు పంపిన మిర్రర్‌లెస్‌లు సుమారు 56 లక్షలు, డీఎస్‌ఎల్‌ఆర్‌లు 10 లక్షల లోపే. పాత తరం కథ ముగింపుకొచ్చినట్టే.

స్టాప్ అంటే ఫొటోగ్రాఫర్ల లెక్కలో ఒక రెట్టింపు. వెలుగు రెండింతలైతే ఒక స్టాప్ పెరిగినట్టు, సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నదానికీ ఇదే కొలత. సెకనులో 50వ వంతు నుంచి 25వ వంతుకు వస్తే ఒక స్టాప్. రెట్టింపు మీద రెట్టింపు గనక అంకె చిన్నగా ఉన్నా విలువ గబగబా పెరిగిపోతుంది. మూడు స్టాప్‌లంటే 8 రెట్లు, అయిదంటే 32, ఎనిమిదంటే 256. ఎనిమిదిన్నర దగ్గరికొచ్చేసరికి దాదాపు 362 రెట్లు. 7.5కీ 8.5కీ తేడా ఒకటే కదా అనుకోకండి, ఆ ఒకటి మళ్లీ ఒక పూర్తి రెట్టింపు.

చేత్తో పట్టుకుని తీసేవాళ్లకు ఫిల్మ్ రోజుల నుంచీ ఒక మోటు సూత్రం ఉంది. లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లదో సెకనులో అన్నో వంతుకన్నా నెమ్మదిగా తీయకూడదు. లెన్స్ మీద రాసుండే ఆ మిల్లీమీటర్ల అంకెను ఫోకల్ లెంగ్త్ అంటారు. అది ఎంత పెద్దదైతే దూరంలో ఉన్నది అంత దగ్గరగా కనిపిస్తుంది. 50 ఎంఎం లెన్స్ అయితే సెకనులో 50వ వంతు. అంతకంటే నెమ్మదిస్తే చేతి వణుకు బొమ్మలోకి ఎక్కుతుంది. ఇప్పుడు దీన్ని కంపెనీ అంకె ఎన్ని రెట్లంటుందో అన్ని రెట్లు చేయండి. అయిదు స్టాప్‌లతో 0.64 సెకను. ఎనిమిదిన్నరతో ఏడు సెకన్ల పైచిలుకు.

సికింద్రాబాద్ గడియారస్తంభం 1897 నుంచి అక్కడే ఉంది, కదిలే ఉద్దేశమేమీ లేదు. రాత్రి దాని ఎదుట 50 ఎంఎం లెన్స్‌తో నిలబడి ఏడు సెకన్లు షట్టర్ తెరిచారనుకుందాం. ప్రకటన మాట అక్షరాలా నిజమైతే స్తంభం గీసినట్టు వస్తుంది, ముందు నుంచి పోయే బస్సులూ ఆటోలూ ఎర్రటి గీతలవుతాయి. చేత్తో ఏడు సెకన్లా, అదీ ట్రైపాడ్ లేకుండానా అని మీకు అనుమానం వస్తే, ఆ అనుమానం సరైందే. దాన్ని తీర్చాలంటే ముందు మన చేతి వణుకు ఎంత చిన్నదో, అది ఎన్ని రకాలో చూడాలి.

24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అందులో అడ్డంగా 6,000 పిక్సెళ్లుంటాయి, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. ఒక్కో చుక్క వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఆరు. 50 ఎంఎం లెన్స్‌తో దృశ్యం ఒక చుక్క మేర పక్కకు జరగాలంటే కెమెరా ఎంత తిరగాలి? 13 సెంటీమీటర్ల వెడల్పున్న కెమెరా ఒక అంచు కదలకుండా ఉండి, రెండో అంచు మిల్లీమీటరులో వెయ్యో వంతులు పదహారు ముందుకో వెనక్కో జరిగితే చాలు. తల వెంట్రుక మందంలో సుమారు అయిదో వంతు అన్నమాట. 200 ఎంఎం లెన్స్ పెడితే ఆ వెసులుబాటు కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. ఊపిరి తీసుకున్నా, బటన్ నొక్కినా, ఇంతకంటే ఎక్కువే కదులుతాం.

ఆ కదలిక అయిదు తీర్లుగా ఉంటుంది. మొదటి మూడింటినీ మన తలతోనే చూపించవచ్చు. ఔనన్నట్టు తల పైకీ కిందికీ ఆడించడం ఒకటి, కాదన్నట్టు అటూ ఇటూ తిప్పడం రెండు, ‘సరేలెండి’ అన్నట్టు భుజాలవైపు వాలుస్తూ ఊపడం మూడు. కెమెరా కూడా సరిగ్గా ఇలాగే ఊగుతుంది. నాలుగు, అయిదు వేరే రకం. కెమెరా తిరగకుండానే మొత్తంగా పక్కకు జరగడం, పైకో కిందికో జరగడం. ప్రకటనల్లో ‘ఫైవ్ యాక్సిస్’ అనేది ఈ అయిదింటినే.

వీటిని సర్దడానికి రెండు దారులున్నాయి. ఒకటి లెన్స్ లోపల ఒక గాజుముక్కను వణుకుకు ఎదురుగా జరపడం. కానన్ 1995లో 75-300 ఎంఎం లెన్స్‌లో ఈ పని చేసింది. అప్పటి హామీ రెండు స్టాప్‌లు. రెండోది సెన్సర్‌నే అయస్కాంతాల మధ్య తేలేలా అమర్చి జరపడం. కెమెరా ఎటు తిరుగుతోందో గైరో అనే చిప్ పసిగడుతుంది, సెన్సర్ దానికి ఎదురు దిక్కులో కదులుతుంది. దుకాణాల్లో దీన్ని ‘ఐబిస్’ అంటున్నారు, అంటే బాడీలోనే ఉన్న స్టెబిలైజేషన్. 2003లో మినోల్టా డిమాజ్ ఏ1తో ఇది మొదలైంది. అయిదు తీర్ల కదలికనూ పట్టింది 2012లో ఒలింపస్ ఈ-ఎం5. ఫుల్‌ఫ్రేమ్‌లో 2014 చివర సోనీ ఏ7 మార్క్ 2 ఆ పని చేసింది, అప్పటి అంకె 4.5. 2020 జులైలో కానన్ ఆర్5 కొన్ని లెన్స్‌లతో 8కి చేరింది. రెండు దారులనూ కలిపి, లెన్స్‌లో గాజు కొంత, బాడీలో సెన్సర్ కొంత పంచుకోవడం ఆ ఎగబాకుడుకు ఒక కారణం.

బాడీలోనే ఉన్నప్పుడు లెన్స్‌లో మళ్లీ ఎందుకు, రెండు సార్లు డబ్బు గుంజడానికా? కాదు, దీనికో లెక్క ఉంది. కెమెరా ఒక డిగ్రీ వంగితే 50 ఎంఎం లెన్స్‌లో బొమ్మ సెన్సర్ మీద 0.9 మిల్లీమీటరు జరుగుతుంది. 200 ఎంఎంలో మూడున్నర మిల్లీమీటర్లు. 400 ఎంఎంలో ఏడు. సెన్సర్ తన గూటిలో కదలగలిగేది కొద్ది మిల్లీమీటర్లే. అందుకే పక్షులనో, స్టేడియంలో ఆటనో తీసే పొడవాటి లెన్స్‌లకు లోపల స్టెబిలైజేషన్ ఉండి తీరాలి. 35, 50 ఎంఎం లాంటి చిన్న లెన్స్‌లకు లేకపోయినా దిగులుపడక్కర్లేదు, బాడీ చూసుకుంటుంది.

ఇక ఆ 8.5ను కొలిచేదెవరు? జపాన్‌లోని కెమెరా తయారీదారుల సంఘం సీపా ఒక పరీక్ష పద్ధతి పెట్టింది. కెమెరాను వణికే బల్ల మీద బిగిస్తారు. మనుషుల చేతుల వణుకును ముందే రికార్డు చేసి తయారుచేసిన కదలికను ఆ బల్ల ప్రతిసారీ అచ్చు ఒకేలా చేస్తుంది. స్టెబిలైజేషన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి తీసి, ఎన్ని స్టాప్‌ల లాభం వచ్చిందో చూస్తారు. మొన్నటిదాకా ‘ఔను’, ‘కాదు’ కదలికలను మాత్రమే కొలిచేవారు. 2024లో సవరించిన పద్ధతిలో మూడోది, ఆ వాలు ఊపు, కూడా చేరింది. పక్కకు జరగడం, పైకీ కిందికీ జరగడం ఇప్పటికీ అందులో లేవు.

కొత్త పద్ధతి వల్ల పాఠకుడికి ఒరిగిన మేలు మరొకటుంది. ఇప్పుడు కంపెనీలు బొమ్మ నడుమ ఒక అంకె, అంచుల దగ్గర ఒక అంకె చెబుతున్నాయి. ఆర్5 మార్క్ 2కు నడుమ 8.5, అంచుల్లో 7.5. సోనీ ఏ7 మార్క్ 5కు 7.5, 6.5. 2025 ఏప్రిల్‌లో వచ్చిన నికాన్ జెడ్5 రెండో తరానికి 7.5, 6. పోస్టరు మీద పెద్దక్షరాల్లో ఉండేది నడిమి అంకె. గ్రూపు ఫొటోలో పెదనాన్నా పెద్దమ్మా నిలబడేదేమో అంచుల్లో. అడగాల్సింది ఆ రెండో అంకె. పాత పద్ధతిలో కొలిచిన 8నూ కొత్త పద్ధతిలో కొలిచిన 7.5నూ పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా కుదరదు. ఏ7 మార్క్ 5ను చూసి పెదవి విరిచినవాళ్లు చేసింది కొంతవరకు అదే.

ఇక్కడ భూమి సంగతి చెప్పకుండా ఉండలేను. 2016లో ఒలింపస్ ఇంజినీరు ఒకరు 6.5 స్టాప్‌లే సిద్ధాంతపరంగా హద్దు అన్నారు, కారణం భూభ్రమణమని చెప్పారు. అతిశయోక్తిలా వినిపిస్తుంది గానీ లెక్క వేస్తే కాదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. డిగ్రీలో 3,600వ వంతును ఒక ఆర్క్‌సెకను అనుకుంటే, సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు. మనం, మన కెమెరా, గడియారస్తంభం అందరం కలిసే తిరుగుతున్నాం కాబట్టి బొమ్మలో తేడా రాకూడదు. కానీ గైరోకు ఆ సంగతి తెలియదు. కెమెరా తిరుగుతోంది అనుకుని, లేని వణుకును సర్దడం మొదలుపెడుతుంది. మన 50 ఎంఎం లెన్స్‌లో ఒక చుక్క విలువ దాదాపు 25 ఆర్క్‌సెకన్లు. ఏడు సెకన్ల పైచిలుకులో భూమి తిరిగేది 109. అంటే వణుకు సర్దబోయి బొమ్మను నాలుగు చుక్కల మేర చెరపగలదు. అదే ఒలింపస్ 2019లో ఈ-ఎం1ఎక్స్‌తో 7.5కు వెళ్లింది. గైరోలు మెరుగుపడి, సర్దుబాటు తెలివితేటలు పెరిగి ఆ గోడ వెనక్కి జరిగింది. అయినా గోడ గోడే. రేపు ఎవరైనా 10 స్టాప్‌లు అన్నారని వింటే, ఏ లెన్స్‌తో, ఏ పద్ధతిలో, నడుమనా అంచులోనా అని అడిగాకే సంతోషించండి.

ఇప్పటిదాకా మాట్లాడిందంతా మన చేతి గురించే. ఎదుటివాళ్ల సంగతో?

సికింద్రాబాద్‌కు దీనిలో పాత అనుభవం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1880లలో ఇక్కడే స్టూడియో నడిపాడు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. 1905లో ఆయన కన్నుమూశాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆ కాలంలో ఫొటో అంటే ఇద్దరి పూచీ. కెమెరా మూడు కాళ్ల మీద కదలకుండా నిలబడాలి, కుర్చీలో కూర్చున్న దొర కూడా ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి. తల కదలకుండా వెనక నుంచి ఆనుపు పెట్టే స్టూడియోలు కూడా ఆ రోజుల్లో ఉండేవి. ఈనాటి స్టెబిలైజేషన్ ఆ రెండు పూచీల్లో మొదటిదాన్ని మాత్రమే తన నెత్తిన వేసుకుంది. రెండోది 140 ఏళ్లుగా అక్కడే ఉంది.

తలంబ్రాలే తీసుకోండి. పెళ్లికొడుకు దోసిలి నుంచి జారిన బియ్యపుగింజ 30 సెంటీమీటర్లు పడేసరికి సెకనుకు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. సెకనులో 8వ వంతుకు తీస్తే ఆ గింజ 30 సెంటీమీటర్ల తెల్లటి గీత అవుతుంది. 60వ వంతులో నాలుగు సెంటీమీటర్లు. 500వ వంతులో అయిదు మిల్లీమీటర్లు, అంటే తన పొడవంత. అక్కడికి గింజ గింజలా కనిపిస్తుంది. కెమెరాకు ఎనిమిదిన్నర స్టాప్‌లున్నా, అసలు లేకపోయినా ఈ లెక్కలో వెంట్రుకవాసి మారదు.

మహంకాళి గుడి దగ్గర లష్కర్ బోనాల రాత్రి కూడా అంతే. ఫలహారం బండ్ల ముందు పోతరాజు ఊగిపోతున్నాడు. అతని చెయ్యి సెకనుకు రెండు మీటర్లు కదులుతోందనుకుందాం, ఇది తక్కువలో తక్కువ. మనిషి నిలువెల్లా ఫ్రేమ్ నిండేలా తీస్తే మిల్లీమీటరుకు రెండు చుక్కలు వస్తాయి. 8వ వంతులో ఆ చెయ్యి 25 సెంటీమీటర్లు, 500 చుక్కలు జరుగుతుంది. 250వ వంతులో 8 మిల్లీమీటర్లు, 16 చుక్కలు. వెనకనున్న గోపురం మీది దీపాలు మాత్రం 8వ వంతులోనూ చక్కగా నిలుస్తాయి. కావాలని అలా తీసేవాళ్లూ ఉన్నారు. గుడి స్థిరంగా, మనిషి సుడిగాలిలా రావాలనుకుంటే స్టెబిలైజేషన్ బంగారం లాంటిది. మొహం కావాలంటే మాత్రం షట్టర్ వేగమే దిక్కు.

షట్టర్ వేగం పెంచితే వెలుగు తగ్గిపోతుంది, దాన్నెక్కడి నుంచి తేవాలి అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలుతుంది. మండపంలో ఎఫ్/4 లెన్స్‌తో 60వ వంతుకు ఐఎస్‌ఓ 1,600 సరిపోతోందనుకోండి. ఎఫ్ పక్క అంకె లెన్స్ నోరు ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది, అంకె చిన్నదైతే నోరు పెద్దది. ఐఎస్‌ఓ అంటే సెన్సర్ ఇచ్చిన సంకేతాన్ని ఎంత పెంచుకుంటున్నామన్నది; ఎక్కువ పెంచితే బొమ్మలో గరుకుదనం వస్తుంది. తలంబ్రాల కోసం 500వ వంతుకు వెళ్లాలంటే వెలుగు 8 రెట్లు కావాలి. అదే లెన్స్‌తో అయితే ఐఎస్‌ఓ 12,800 దాకా పోవాలి. ఎఫ్/1.8 లెన్స్ పెడితే అది ఒక్కటే అయిదు రెట్ల వెలుగు తెస్తుంది, ఐఎస్‌ఓ 2,700 దగ్గర ఆగిపోవచ్చు. 50 ఎంఎం ఎఫ్/1.8 దాదాపు ప్రతి కంపెనీలోనూ చవకైన లెన్స్‌లలో ఒకటి. బాడీలో ఒక స్టాప్ ఎక్కువ కోసం పెట్టే ధరలో అది ఓ మూలకు ఇమిడిపోతుంది.

మధ్యలో ఒక హెచ్చరిక. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది, దాంతో నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. 500వ వంతుకు తీసినప్పుడు మండపం ఫొటోలో అడ్డ చారలు పడితే అది స్టెబిలైజేషన్ లోపం కాదు. మెకానికల్ షట్టర్ వాడి, కెమెరాలో ఉంటే యాంటీ ఫ్లికర్ ఆన్ చేయండి.

మరి ఐబిస్ లేని కెమెరా కొంటే తప్పా? కానన్ ఆర్50, నికాన్ జెడ్50 రెండో తరం, సోనీ జెడ్‌వీ-ఈ10 మార్క్ 2, వీటిలో వేటిలోనూ సెన్సర్ కదలదు. పగటిపూట పిల్లల ఆటలు, ఫ్లాష్ వెలుగులో పెళ్లి తీసేవారికి ఆ లోటు పెద్దగా తెలియదు. సాలార్‌జంగ్ మ్యూజియం లాంటి మసక గదుల్లో కదలని వస్తువులు తీసేవారికి, చార్మినార్, గోల్కొండ లాంటి చోట తీసేవారికి తెలుస్తుంది. ఆ చివరి రెండూ భారత పురావస్తు శాఖ కట్టడాలు, అక్కడ ట్రైపాడ్ వేయాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. చేత్తోనే నాలుగు స్టాప్‌లు దక్కితే ఐఎస్‌ఓ 6,400 బదులు 400తో పని జరుగుతుంది. ఆ తేడా గోడకు పెట్టుకునేంత పెద్ద ప్రింట్‌లో కళ్లకు కడుతుంది. నా అభిప్రాయంలో అయిదు స్టాప్‌ల వరకు పెట్టే డబ్బు వసూలవుతుంది. ఆపైన ప్రతి స్టాప్‌కూ అక్కరకొచ్చే సందర్భాలు సగానికి సగం పడిపోతాయి, ఎందుకంటే సెకను దాటి కదలకుండా ఉండే దృశ్యాలు మన ఊళ్లలో అరుదు.

వీడియోకు వచ్చేసరికి ఆశలు ఇంకా ఎక్కువ. బరాత్ ముందు నడుస్తూ తీస్తే తేలిపోతున్నట్టు రావాలని అడుగుతారు. నడకలో మన శరీరం అడుగు అడుగుకూ నాలుగైదు సెంటీమీటర్లు లేచి పడుతుంది. 24 ఎంఎం లెన్స్‌తో 5 సెంటీమీటర్లు లేస్తే, 3 మీటర్ల దూరంలోని పెళ్లికొడుకు సెన్సర్ మీద 0.4 మిల్లీమీటరు జరుగుతాడు. 30 మీటర్ల వెనకున్న ఫంక్షన్ హాలు 0.04 జరుగుతుంది. సెన్సర్ ఎంత జరిగితే ఇద్దరూ నిలుస్తారు? ఎంత జరిగినా ఎవరో ఒకరు ఊగుతారు. గింబల్, అంటే మోటార్లతో కెమెరాను నిలిపి ఉంచే కర్ర, కూడా తిప్పులను ఆపుతుంది గానీ ఈ ఎగుడు దిగుడును ఆపదు. అందుకే అనుభవమున్న వీడియోగ్రాఫర్లు మోకాళ్లు కాస్త వంచి పిల్లిలా నడుస్తారు. మెనూలో కనిపించే ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్‌కైతే ధర వేరే రూపంలో ఉంటుంది. అంచులు కత్తిరించి సర్దుతుంది కాబట్టి, 1.1 రెట్లు కత్తిరిస్తే దృశ్యంలో 17 శాతం పోతుంది, 1.4 రెట్లయితే దాదాపు సగం.

పాత కెమెరా కొనేవాళ్లకు రెండు మాటలు. స్విచ్ ఆపి కెమెరాను నెమ్మదిగా ఊపితే లోపల గలగలమన్న చప్పుడు వస్తే భయపడి వెనక్కి రాకండి. చాలా మోడళ్లలో ఆన్‌లో లేనప్పుడు సెన్సర్ వదులుగా ఉంటుంది, ఆ చప్పుడు దానిదే. ఆన్ చేశాక కూడా చప్పుడు ఆగకపోతేనో, తెర మీద దృశ్యం ఉన్నట్టుండి గెంతుతుంటేనో అనుమానించాలి. రెండోది బండి ప్రయాణం. మోటారుసైకిల్ ఇంజిన్ల గట్టి కంపనాలు ఫోన్ కెమెరాల్లోని స్టెబిలైజేషన్‌ను దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లో తన వినియోగదార్లను హెచ్చరించింది. దారి చూసుకోవడానికి ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించుకునేవాళ్లు కంపనాలు మింగే హోల్డర్ వాడాలి. కెమెరా బ్యాగును పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే బదులు వీపుకు తగిలించుకోవడం మంచిది.

పుకార్ల విషయానికొస్తే, అన్నీ గాలి కబుర్లు కావు. వాటికి రెండు ముఖ్యమైన ఊటలున్నాయి. ఒకటి ప్రభుత్వ అనుమతుల జాబితాలు. వైఫై, బ్లూటూత్ ఉన్న ఏ పరికరమైనా అమ్మాలంటే ఆయా దేశాల్లో రేడియో అనుమతి తీసుకోవాలి. మన దేశంలో టెలికాం శాఖ కింది డబ్ల్యూపీసీ విభాగం ఇస్తుంది. అక్కడ కొత్త మోడల్ నంబరు కనబడితే ఏదో ఒకటి రాబోతోందని నమ్మవచ్చు, కానీ ఆ కాగితంలో స్టాప్‌ల అంకె ఉండదు. రెండోది పేటెంట్లు. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు అది బయటపడుతుంది. కాబట్టి ఈ రోజు చక్కర్లు కొట్టే ‘కొత్త స్టెబిలైజేషన్ పేటెంట్’ ఏడాదిన్నర కిందటి ఆలోచన. అందులో చాలావి ఎప్పటికీ అంగట్లోకి రావు. ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరసలోకి ఐబిస్ వస్తుందన్న పుకారు మాత్రం ఫలించింది. 2024 ఫిబ్రవరిలో ఫుజీఫిల్మ్ ఎక్స్100 ఆరో తరం 6 స్టాప్‌లతో వచ్చింది, 2025లో రికో జీఆర్ 4 కూడా 6తో వచ్చింది. జెడ్50 రెండో తరంలో అదే వస్తుందని ఎదురుచూసినవాళ్లకు 2024 నవంబరులో ఆశాభంగమైంది. వచ్చే దసరాకు ఏదో రాబోతోందని ఈ ఉగాది పెళ్లిళ్ల ఆర్డర్లు వదులుకోవడంలో అర్థం లేదు.

ఇంట్లోనే మీ అసలు అంకె కనుక్కోవచ్చు, ఖర్చు సున్నా. గోడ మీది క్యాలెండర్‌లో తిథి, వార, నక్షత్రాల చిన్న అక్షరాలు గురిగా పెట్టుకోండి. 50 ఎంఎం దగ్గర 50వ వంతు నుంచి మొదలుపెట్టి 25, 12, 6, 3వ వంతులకు, ఆపైన 0.6, 1.3 సెకన్లకు దిగుతూ ఒక్కో వేగంలో పది ఫొటోలు తీయండి. పదిలో ఎనిమిది అక్షరం చెదరకుండా వచ్చిన ఆఖరి వేగం 50వ వంతుకు ఎన్ని మెట్లు దిగువన ఉందో అదే మీ స్టాప్‌ల లెక్క. స్టెబిలైజేషన్ ఆపి మళ్లీ అదే వరస తీయండి. ఆపితే 50వ వంతే నిలవడం లేదంటే మీ చెయ్యి సూత్రం కన్నా ఎక్కువ వణుకుతోందని. వయసు పైబడినవారికి ఇది మామూలే, వాళ్లకు ఐబిస్ విలాసం కాదు, అవసరం.

కొనేముందు ఇదే పరీక్ష దుకాణంలో చేయండి. కోఠిలో కొన్నా, సికింద్రాబాద్‌లో కొన్నా, జేబులో సొంత మెమరీ కార్డు పెట్టుకెళ్లి, కౌంటర్ వెనక రేట్ల పట్టీని ఎనిమిదో వంతులో పదిసార్లు తీసి, ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూసుకోండి. బిల్లు తప్పకుండా అడగండి. కెమెరా మీద జీఎస్టీ 18 శాతం, అంటే లక్షన్నర కెమెరాలో సుమారు 22,900 రూపాయలు పన్నే. జీఎస్టీ నమోదు ఉన్న ఫొటోగ్రాఫర్ ఆ మొత్తాన్ని తన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు లేకుండా తక్కువకిస్తామనే చోట సాధారణంగా భారత్ వారంటీ కార్డు కూడా ఉండదు. సెన్సర్ గూటిలో మోటార్లున్న యంత్రానికి అది లేకుండా కొనవద్దు.